కార్డులో లేని మాట

జూలై 7, సోమవారం

అప్రూవల్ ఇవాళ కూడా రాలేదు. పెండింగ్.

నేనింకా ఆసుపత్రి మెట్లెక్కుతుండగానే కార్డు డెస్కు అమ్మాయి తల అడ్డంగా ఊపేసింది. "సార్, అక్కగారి ఫోటో సరిగ్గా పడలేదంటండి, మళ్ళీ పెట్టమన్నారు." మొన్నేమో స్కాన్ రిపోర్టు కనపడలేదన్నారు. రేపు ఇంకేం కనపడదో. అరిచాను. లైన్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది, పైనుంచి వచ్చింది చదివి చెబుతుంది. బయటికొచ్చాక సిగ్గేసింది.

అక్కకి కొత్త మందు ఎక్కించాలి. పాత మందుకి కడుపులో గడ్డ లొంగలేదు. కొత్తదానికి గవర్నమెంటు వైద్యం కార్డు మీద అనుమతి రావాలి. వస్తే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. రాకపోతే... రాకపోవడం ఏంటి, వస్తుంది. నేను తెప్పిస్తాను.

మధ్యాహ్నం డ్యూటీ ఎక్కాను, తెనాలి నుంచి రేపల్లె. వేమూరు దాటాక ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు — "టికెట్ ఇవ్వవా నాయనా?" అప్పుడు చూసుకున్నా. బస్సంతా ఒక చుట్టు తిరిగొచ్చాను, ఒక్కరికీ టికెట్ కొట్టలేదు. మళ్ళీ ముందు సీటు నుంచి మొదలు.

జూలై 8, మంగళవారం

నొప్పి వస్తే అక్క అరవదు. చీర కొంగు ముద్ద చేసి నోట్లో పెట్టుకుంటుంది. రేపల్లె మార్కెట్లో చేపల తట్ట ముందు కూర్చుని వీధి చివరిదాకా వినపడేట్టు బేరమాడిన మనిషి... ఇప్పుడు మా ముందుగదిలో గోడవైపు తిరిగి పడుకుని, నోట్లో కొంగు. చూడలేను. చూడకుండా ఉండలేను. లోపలికీ బయటికీ తిరుగుతుంటాను.

"ఎట్లా ఉందక్కా?"

"బానే ఉంది పోరా, డ్యూటీకి పో."

ఎప్పుడడిగినా ఇదే. చిరాకొస్తుంది. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది. బావ పోయినప్పుడు కూడా నా ముందు కన్నీళ్ళు పెట్టలేదు. పిల్లల్లేరు, నేనే. నా దగ్గర కూడా దాపరికం ఏంటో.

కుమారి వంటింట్లోంచి అంటుంది — "ఆ నొప్పి బిళ్ళలు పనిచెయ్యట్లేదండి. ఇంకెవరినైనా అడగండి." ముందు అప్రూవల్ రానీ అంటాను. ఈమధ్య మా ఆవిడ ఏమడిగినా నా దగ్గర అదొక్కటే జవాబు.

జూలై 9, బుధవారం

పెద్ద డాక్టరు గారు వరండాలో దొరికారు. నడుస్తూనే మాట్లాడతారాయన. నేనూ పక్కన నడిచాను.

"వెంకటరత్నమ్మ తమ్ముడు కదూ. అప్రూవల్ వస్తే ఎక్కిద్దాం, వద్దనను. కానీ ఉపయోగం తక్కువండి. లివర్‌కి పాకింది. ఒంట్లో బలం లేదు."

"అంటే సార్?"

"అంటే... ఇంట్లో వాళ్ళంతా కూర్చుని ఒకసారి ఆలోచించుకోండి."

లిఫ్టు వచ్చింది. వెళ్ళిపోయారు. నేను అక్కడే నిలబడ్డాను, మళ్ళీ కిందకి వస్తారేమోనని. రాలేదు.

ఏం ఆలోచించుకోవాలి? ఎవరితో కూర్చోవాలి? కుమారికి చెప్పాను. చేతిలో గరిటె పక్కన పెట్టేసింది. "వదినకి చెప్పకండి. ధైర్యం పోతే మనిషి నిలవదు." నేనూ అదే అనుకున్నా. గడ్డ అని అక్కకి తెలుసు, చెడ్డ గడ్డ అనీ తెలుసు. తగ్గదని తెలియదు. తెలియాల్సిన పనేముంది.

కడుపులో దాచుకోలేకపోయాను. రేపల్లె పిన్నికి ఫోన్ చేశాను. "ఒకసారి వచ్చి చూసి పొండి పిన్నీ" అన్నా. అంతే అన్నా. పిన్ని ఏడుపు.

జూలై 10, గురువారం

ఏం లేదు. నొప్పి. పెండింగ్.

జూలై 11, శుక్రవారం

వచ్చేసింది!! అప్రూవల్! మెసేజ్ వచ్చేసరికి బస్సు భట్టిప్రోలులో ఉంది. డ్రైవర్ భుజం మీద ఒక్కటేశాను. "ఏంటి బాబాయ్, లాటరీనా?" అన్నాడు. అంతకంటే ఎక్కువే అన్నా. ఇరవై ఒకటో తారీఖు లోపల ఆసుపత్రిలో చేరాలి. చేరకపోతే అనుమతి పోతుంది, మళ్ళీ మొదట్నించీ తిరగాలి. ఎందుకు చేరం.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను.

"వచ్చిందా. సరే."

"సరే ఏంటక్కా? దీనికోసం ఎంత తిరిగానో తెలుసా నీకు?"

"నేను తిరగమన్నానా?"

చూశారా. ఇదీ వరస.

అన్నం తింటుంటే డాక్టరు గారి మాట గుర్తొచ్చింది. ఉపయోగం తక్కువండి. మరి అంత ఎగిరి గంతేశానెందుకు? నాకే అర్థం కాలేదు. మజ్జిగ పోసుకోకుండానే లేచాను.

జూలై 13, ఆదివారం

ఇవాళ జరిగింది రాయాలి.

పొద్దున్నే పిన్ని వచ్చింది, పీతల పులుసుతో. కాసేపటికి కర్లపాలెం నుంచి మా మేనత్త, జున్నుతో. బావ తమ్ముడు బాపట్ల నుంచి బొబ్బట్లు. మార్కెట్లో అక్క పక్కన తట్ట పెట్టుకునే సుబ్బులమ్మ నెత్తళ్ళ వేపుడు తెచ్చింది, అది కూడా కొంగు కింద దాచి. ఒకరు వస్తున్నట్టు ఒకరికి తెలియదు. పిన్ని ఎవరెవరికి చెప్పిందో మరి. అన్నీ అక్కకి ప్రాణమైనవే. అన్నీ తెచ్చి మంచం పక్క స్టూలు మీద వరసగా పెట్టారు. "రత్తమ్మా, కొంచెం నోట్లో వేసుకో తల్లీ. నీ కోసమే చేశా."

మా వాళ్ళలో ఇది ఉంది. ఎవరైనా ఇక దక్కరని తెలిస్తే, ఇంటికొకటి వండి పట్టుకెళ్తారు, వాళ్ళకి ఇష్టమైంది. కోరిక మిగలకూడదని. దానికి పేరు లేదు, ఎవరూ పైకి అనరు. కానీ అందరికీ తెలుసు. నాకూ తెలుసు! చూసి పొమ్మని ఫోన్ చేసిన వెధవని నేనే. ఉత్త చేతులతో వస్తారనుకున్నానా?

అక్క ఒక్కో గిన్నె వైపూ చూసింది. పులుసు. జున్ను. బొబ్బట్లు. నెత్తళ్ళు. మళ్ళీ మొదటినుంచీ చూసింది. చెంచాడు జున్ను నోట్లో పెట్టుకుంది, నిలవలేదు, కుమారి గిన్నె పట్టింది. అప్పుడు పిన్ని తల నిమురుతూ అడిగింది — "ఇంకేం తినాలనుందే అమ్మా? చెప్పు."

"ఈ మాట మా అత్తగార్ని నేనడిగా పిన్నీ," అంది అక్క. "ఆవిడ పోయేముందు."

మేనత్త కళ్ళొత్తుకుంది. సుబ్బులమ్మ బస్సు టైమైందని లేచింది, ఆ టైములో బస్సు లేదు.

అందరూ వెళ్ళాక అక్క పిలిచింది.

"శివా. తలుపేసి రా. డాక్టరు ఏమన్నాడు?"

"ఏం లేదక్కా, ఆయన —"

"పీతల పులుసు చెప్పింది, నువ్వు చెప్పవేంట్రా?"

చెప్పేశాను. లివర్ సంగతి, వరండా సంగతి, అంతా. అక్క ఏడుస్తుందనుకున్నా. ఏడ్చింది నేను. అక్క నా వీపు మీద చెయ్యేసి కూర్చుంది, చిన్నప్పుడు జ్వరమొస్తే కూర్చున్నట్టు.

"ఆ కొత్త మందు ఎక్కిస్తే తగ్గుతుందా?"

"తగ్గదు."

"మరి ఎందుకురా అంత తిరిగావు?"

స్టూలు మీద గిన్నెలు ఒక్కొక్కటే వంటింట్లోకి మోశాను.

జూలై 14, సోమవారం

"డాక్టరుతో నేను మాట్లాడతా. నా కడుపు గురించి ఊళ్ళో అందరూ మాట్లాడుతున్నారు, నేను తప్ప," అంది అక్క.

సరే అన్నా. తీసుకెళ్తాను. మందు గురించి ఆయనే సర్దిచెబుతాడు. చెప్పాలి.

జూలై 15, మంగళవారం

డెస్కు అమ్మాయి మమ్మల్ని చూసి నవ్వింది. "చేరడానికా సార్?"

"కాదమ్మా. డాక్టరు గారితో కూర్చుని మాట్లాడాలి. ఇకముందు ఏం చెయ్యాలి, ఎట్లా చెయ్యాలి... అది."

కంప్యూటర్లో చూసింది. పైకీ కిందకీ వెతికింది. "దానికి కార్డులో లేదండి. ఆపరేషన్ ఉంది. మందెక్కించడం ఉంది, రేడియేషన్ కరెంటు పెట్టడం ఉంది. నొప్పికి చేర్చుకోవడం కూడా ఉందండి, ఇక్కడ మంచం మీద ఉంటే. ఊరికే కూర్చుని మాట్లాడటానికి... లేదండి."

"ఊరికే కాదమ్మాయ్," అంది అక్క చక్రాల కుర్చీలోంచి. "నేను పోయేదాని గురించి."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. లేచి తనే లోపలికి వెళ్ళింది. వచ్చి, ఓపీ అంతా అయ్యాక ఆఖర్న చూస్తారంది.

కూర్చున్నాం. అక్క కొంగు నోట్లో పెట్టుకుంది, తీసింది, పెట్టుకుంది. నేను లేచి తిరిగాను, కూర్చున్నాను, మళ్ళీ తిరిగాను. "కాలు కాలిన పిల్లిలా తిరక్కురా, కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

డాక్టరు గారు ఈసారి కూర్చునే మాట్లాడారు. అక్కే మొదలెట్టింది. "చేపలమ్ముకునేదాన్నండి అయ్యగారూ. అటు చూపించండి, ఇటు చూపించండి, తూచుకుంటాను. ఎక్కిస్తే ఏమొస్తుంది, మానేస్తే ఏం పోతుంది?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఎక్కిస్తే కొద్ది రోజులు కలిసిరావచ్చమ్మా, రాకపోవచ్చు కూడా. ఆ రోజుల్లో చాలావరకు ఇక్కడే, వాంతులతో. మానేస్తే ఇంటి దగ్గరుండొచ్చు. కానీ నొప్పికి సరైన మందు ఉండాలి.

"మీకేది ముఖ్యమమ్మా?"

ఇన్ని నెలల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. నేను కూడా.

"నొప్పి లేకుండా పడుకోవాలండి. మా ఇంట్లో."

"కానీ సార్, అప్రూవల్ వచ్చింది కదా..." అన్నాను నేను. ఇద్దరూ నా వైపు చూశారు.

బాపట్లలో నొప్పికి చూసే డాక్టరమ్మ ఉన్నారట. బుధవారాలు. చీటీ రాసిచ్చారు.

జూలై 16, బుధవారం

బాపట్ల. కారు మాట్లాడుకుని వెళ్ళాం. గతుకుల దగ్గర అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

డాక్టరమ్మ వయసు చిన్నదే. కుర్చీ అక్క దగ్గరికి లాక్కుని కూర్చుంది. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఏ పక్కకి తిరిగితే. ఏం తింటే నిలుస్తోంది. స్నానం ఎవరు చేయిస్తున్నారు. ఆఖర్న — "దేనికి భయపడుతున్నారమ్మా?"

నేననుకున్నా, చావుకి అంటుందని.

"నొప్పికి ఓర్చుకోలేక అరుస్తానేమోనండి. నలుగురి ముందూ."

డాక్టరమ్మ తలూపింది. అరవాల్సిన అవసరం రానివ్వనండి, అదే నా పని అంది. మార్ఫిన్ మాత్రలు ఇచ్చింది. నొప్పి వచ్చేదాకా ఆగకూడదు, గడియారం చూసి వెయ్యాలి. విరేచనం కావడానికి మందు, అది మానకూడదు. ఈ మాత్రలు మామూలు షాపుల్లో దొరకవు, లైసెన్సున్న చోటే.

"అలవాటైపోతుందేమో డాక్టరు గారూ?" అన్నా.

"అలవాటయ్యేదాకా ఉంటానేంట్రా?" అంది అక్క. డాక్టరమ్మకి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

తర్వాత అసలు సంగతి. వారం వారం ఇంటికి బండి వస్తుందట. సిస్టర్ వస్తుంది, చూస్తుంది, మాత్రలు ఇస్తుంది, ఇంట్లో చూసుకునేవాళ్ళకి ఎట్లా చెయ్యాలో నేర్పుతుంది. పైసా తీసుకోరు.

"ఎక్కడుంటారు?"

"తెనాలండి."

రాస్తున్న పెన్ను ఆగింది. "తెనాలి గుంటూరు జిల్లా కదండీ. మా బండి ఈ జిల్లా దాటదు."

జిల్లాలు విడగొట్టినప్పుడు నేనేం పట్టించుకోలేదు. అప్పుడూ ఇప్పుడూ రేపల్లె బస్సు రేపల్లెకే పోతుంది. ఇవాళ తెలిసింది, ఆ గీత మా ఇంటికీ అక్క ఇంటికీ మధ్యనుంచి పోయిందని. ఏదో ఒకటి చెయ్యండి, తెనాలెంత దూరం, పక్కనేగా అని బతిమాలబోయాను. అక్క నా మాటకి అడ్డమొచ్చింది.

"నాది రేపల్లెండి. కార్డు కూడా అక్కడిదే. తమ్ముడింటికి చుట్టంగా వచ్చాను."

చుట్టం!

జూలై 17, గురువారం

రాత్రి అక్క నిద్రపోయింది. పొద్దున కుమారి గదిలోకి వెళ్ళి వచ్చి, "కొంగు పొడిగా ఉందండి" అంది. ఎన్నాళ్ళయిందో.

సంతోషపడాలి కదా. నాకు కోపం.

"చుట్టం అన్నావు నన్ను."

"నిన్ను కాదు, నన్ను. బండి రావాలంటే అనాలి మరి." మాట కాస్త మత్తుగా ఉంది, వెటకారం మాత్రం ఎక్కడికీ పోలేదు. "ముందు నన్ను మా ఇంట్లో దిగబెట్టు."

"ఇరవై ఒకటి లోపల చేరకపోతే అనుమతి పోతుందక్కా."

"పోనీ."

"మళ్ళీ రాదు."

"రాకపోనీ. శివా, నీకు కార్డు కావాలా, నేను కావాలా?"

అదేం మాట. అదేం మాట! లేచి వెళ్ళిపోయాను. ఐతానగర్ దాకా నడిచి వెనక్కొచ్చాను. వచ్చాక గుమ్మంలోనే అడిగాను — అక్కడ ఎవరున్నారు నీకు? నాకు డ్యూటీ ఉంది, సెలవు దొరకదు. గడియారం చూసి మాత్ర ఎవరేస్తారు?

వంటింట్లోంచి కుమారి: "నేనేస్తా."

నేనూ అక్కా ఇద్దరం అటు తిరిగాం. పెళ్ళైన కొత్తలో కొలకలూరు నుంచి వచ్చిన ఈ పిల్ల, చేపల తట్ట వరండాలో పెట్టొద్దు వదినా, వాసన అంది. ఆ మాట అక్క ఇప్పటికీ మర్చిపోలేదు. మాటామాటా సరిగ్గా కలిసింది లేదు.

"మా ఇల్లంతా అదే వాసన," అంది అక్క.

"తెలుసు," అంది కుమారి. చేతులు తుడుచుకుని పెట్టె సర్దడానికి వెళ్ళింది.

జూలై 19, శనివారం

రేపల్లె. స్టేషను వెనక అక్క ఇల్లు. తలుపు తియ్యగానే ఉప్పుచేపల వాసన. అక్క కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. కుమారి ముక్కు దగ్గర కొంగు పెట్టుకోబోయి, ఆపుకుంది. చూశాను.

మంచం కిటికీ దగ్గరికి జరిపించింది. ఇటు కాదు, అటు. అటు కాదు, కొంచెం ఇటు. పక్కింటివాళ్ళతో కలిసి నలుగురం మోశాం. ఆఖరికి మొదట ఉన్నచోటే.

నేను రాత్రి బస్సుకి వచ్చేశాను. తెనాలి ఇల్లు బోసిగా ఉంది. ముందుగదిలో మంచం తీసెయ్యలేదు.

జూలై 21, సోమవారం

ఆఖరు రోజు. పొద్దున డ్యూటీ వేరేవాళ్ళకి అప్పజెప్పి ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అడగొద్దు.

"పేషెంట్ ఏరి సార్? ఫోటో తియ్యాలి. ఇవాళే ఆఖరండి."

"వస్తోంది."

అబద్ధం. కుర్చీలో కూర్చున్నా. రేపల్లె నుంచి కారులో తెస్తే ఎంతసేపు? మాత్ర వేసి తీసుకొస్తే దారిలో నిద్రపోతుంది. చేర్చాక అరిచినా తిట్టినా... ఈ మందు ఎవరికో ఒకరికి పనిచేసే ఉంటుంది కదా. ఎవరికీ పనిచెయ్యకపోతే గవర్నమెంటు ఎందుకు ఇస్తుంది? ఇది వదిలేస్తే రేపు నన్నెవరూ అడగకపోవచ్చు. నన్ను నేనే అడగనా?

ఫోన్ చేశాను. కుమారి అక్క చెవి దగ్గర పెట్టింది.

"ఎక్కడున్నావురా?"

"డ్యూటీలో."

"మరి ఇంజన్ చప్పుడేది?"

ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చాను.

"శివా. లే అక్కణ్ణించి. నువ్వక్కడ కూర్చుంటే నాకిక్కడ కన్ను మూతపడట్లేదు."

లేచాను. డెస్కు అమ్మాయి "అక్కగారిని అడిగానని చెప్పండి సార్" అంది, అంతే.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. గడువు ముగిసింది.

జూలై 22, మంగళవారం

సెలవు పెట్టి రేపల్లె వచ్చేశాను. అడిగితే ఇచ్చారు. ముందే అడిగుంటే ముందే ఇచ్చేవాళ్ళేమో.

జూలై 23, బుధవారం

బండి వచ్చింది. మేరీ సిస్టర్, లావుగా, గట్టి గొంతు. రాగానే చెప్పులు విప్పి, కొంగు దోపి, వేణ్ణీళ్ళు పెట్టమంది. అక్కకి ఒళ్ళు తుడిచింది, నడుం దగ్గర ఎర్రబడిన చోటు కుమారికి చూపించింది, ఎటు తిప్పాలి, దిండు ఎక్కడ పెట్టాలి. కుమారి పరీక్షకి చదివే పిల్లలా వింది.

తర్వాత నన్ను పిలిచి మంచం పక్కన కూర్చోబెట్టింది. "అమ్మ ముందే మాట్లాడదాం. అమ్మే అడిగారు."

ముద్ద దిగకపోతే బలవంతంగా పెట్టొద్దు. గ్లూకోజు పెట్టించొద్దు. చివర్లో ఊపిరి ఆగి ఆగి వస్తుంది, గొంతులో గురక వస్తుంది. చూసేవాళ్ళకి భయం, అమ్మకి బాధ ఉండదండి. "ఆ టైములో చాలామంది అంబులెన్స్‌కి ఫోన్ చేస్తారు. కార్డుంది కదా, ఎమర్జెన్సీలో వెంటనే చేర్చుకుంటారు. గొట్టాలు వేస్తారు, మిమ్మల్ని బయట కూర్చోబెడతారు. అమ్మ అది వద్దంటున్నారు. మరి మీరేం చేస్తారు?"

"చెయ్యను."

"ఇప్పుడు అనడం తేలికండి."

"చెయ్యనన్నాను కదండీ!"

అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. "వాడు చేస్తాడమ్మా," అంది మెల్లిగా. "ఊరికే కూర్చోమంటే వాడి వల్ల కాదు. పాపం, చిన్నప్పట్నించీ అంతే."

మంట పుట్టింది నాకు. చుట్టాలందరి ముందూ పరువు తీసినట్టు. బయటికెళ్ళి బండి డ్రైవర్ పక్కన నిలబడ్డాను. కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. అక్క అన్నది నిజమేమోనని.

జూలై 26, శనివారం

ఎంత మంచి రోజు! పొద్దున్నే మార్కెట్ చూడాలంది. ఆటోలో దిండ్లు పెట్టి, అటు కుమారి, ఇటు నేను. దిగలేదు, ఆటోలోనే. సుబ్బులమ్మ చందువాలు తెచ్చి చూపించింది. అక్క మొప్ప ఎత్తి చూసి, "నిన్నటివి" అంది. "ఇవాళవే రత్తమ్మా, ఒట్టు!" "ఎవరి మీద? నా మీద వెయ్యకు, నేను రెడీగా ఉన్నా." మార్కెట్ అంతా నవ్వింది. సుబ్బులమ్మ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

ఇంటికొచ్చి చేపలు కుమారి బాగు చేసింది. పొలుసు తీయడం రాదు. అక్క మంచం మీద నుంచి తిడుతుంటే నేర్చుకుంది. పులుసు చుక్క నాలిక మీద వేస్తే చప్పరించి, "ఉప్పు తగ్గింది" అంది. వాళ్ళిద్దర్నీ చూస్తూ కూర్చున్నా. కూర్చునే ఉన్నా!

జూలై 29, మంగళవారం

ఇవాళ లేవలేదు. నీళ్ళు చెంచాతో. సిస్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాం, మాత్ర పెంచమంది. మింగలేకపోతే నీళ్ళలో కలిపి బుగ్గలో పొయ్యమంది. కుమారి పోస్తోంది. నేను పోస్తే ఒలికింది.

పిన్ని ఫోన్. "అట్లా ఇంట్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంటారేంట్రా? ఆసుపత్రికి తీసుకెళ్ళరా? కార్డుంది కదరా!" అక్క వద్దంది పిన్నీ అన్నా. "అది వద్దంటే? నువ్వు తమ్ముడివి కావూ?"

ఫోన్ పెట్టేశాను.

జూలై 30, బుధవారం

సిస్టర్ వచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. వెళ్ళేటప్పుడు నాతో, "మీరు బానే ఉన్నారండి" అంది. ఎక్కడ బాగున్నాను.

జూలై 31, గురువారం

"శివా" అంది. వచ్చా. చూసింది. కళ్ళు మూసుకుంది. ఏం చెబుదామనుకుందో.

ఆగస్టు 2, శనివారం

మధ్యాహ్నం. గుమ్మంలో కూర్చుని రాస్తున్నా.

పొద్దున్నుంచి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఆగినప్పుడు నేనూ ఆపుతున్నా. మళ్ళీ వస్తుంది. గొంతులో ఆ చప్పుడు. సిస్టర్ చెప్పినవి చెప్పినట్టే. బాధ ఉండదంది. ఆమెకెట్లా తెలుసు? అక్క చెప్పదు కదా, నొప్పి ఉన్నా బానే ఉందంటుంది. మొహం ప్రశాంతంగానే ఉంది. నిజమే. కానీ ఆ చప్పుడు...

సిస్టర్‌కి ఫోన్ చేశాను. బయల్దేరుతున్నా అంది, నిజాంపట్నం నుంచి రావాలి. "చెయ్యి పట్టుకుని కూర్చోండి, ఇంకేం చెయ్యక్కర్లేదు" అంది. ఇంకేం చెయ్యక్కర్లేదట.

లేచాను. అంబులెన్స్ నంబరు నొక్కాను. మోగకముందే ఆపాను. మళ్ళీ నొక్కాను. ఆపాను. కార్డు చొక్కా జేబులోనే ఉంది. ఇప్పుడు తీసుకెళ్తే ఎవరూ ఏ పెండింగూ చెప్పరు, సరాసరి లోపలికే. ఆక్సిజన్ పెడతారు. రేపటిదాకా ఉంటుందేమో. ఎల్లుండి దాకా. ఇంకొకసారి శివా అంటుందేమో.

కుమారి చూసింది. "చేస్తే చెయ్యండి. లేకపోతే అవతల పెట్టేసి రండి. అట్లా నిలబడి వదిన్ని చూడకండి."

అక్క కళ్ళు తెరిచింది. నా మొహం చూసింది. నా చేతిలోకి చూసింది. మాట పలికే ఓపిక లేదు. చెయ్యి మాత్రం కొంచెం ఎత్తి చాపింది. నీళ్ళకేమో అనుకుని కుమారి చెంచా తెచ్చింది. కాదు. పెదాలు బిగించింది. చెయ్యి నా వైపే ఉంది.

ఫోను అడుగుతోంది, నేను చెయ్యకుండా.

ఇవ్వలేదు. తొడ కింద పెట్టుకుని ఇక్కడ కూర్చున్నాను. కళ్ళు మూసుకుంది. చెయ్యి మాత్రం ఇంకా అట్లాగే ఉంది మంచం మీద, తెరిచి, నా వైపు.